మేరీరత్నం చెయ్యి, ఊరందరి రేటు

నరసాపురం వైపు లేసు ఎగుమతి చేసే ఒక కంపెనీలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. ఇన్నేళ్ళలో ఒక్క గొలుసు కుట్టు అల్లడం కూడా నాకు చేతకాలేదు. మా ఆవిడ అన్నపూర్ణ ఈ సంగతి తలచుకుని ఇప్పటికీ నవ్వుతుంది. "వంట రాకుండా హోటల్లో రేట్లు రాసే మనిషి మీరు" అంటుంది. ఆవిడ అన్నది నిజమే. రేట్లు కట్టడమే నా ఉద్యోగం.

ఈ మధ్య మా కంపెనీలో కొత్తగా చేరిన ఒకమ్మాయి నాకు ఫోన్ చేసింది. ఫ్యాషన్ డిజైనింగ్ చదువుకుందట. "సార్, ఫైల్సులో పాత రేట్లున్నాయి గానీ అవి ఎలా వచ్చాయో ఇక్కడ ఎవరికీ తెలీదంటున్నారు. మీరు కాస్టింగ్ ఎలా చేసేవారు?" అని అడిగింది. ఫోన్లో చెప్పేది కాదమ్మా, రాసి పంపిస్తాను అన్నాను. రెండు పేజీల్లో అయిపోతుందనుకున్నాను. రాయడం మొదలుపెట్టాక నాకు రేట్లు గుర్తు రాలేదు, ఒక చెయ్యి గుర్తొచ్చింది. అందుకని ఇది ఆ చేతి గురించే అవుతోంది. ప్రమోషన్లూ, సన్మానాలూ, ఆఫీసు రాజకీయాలూ ఇందులో ఉండవు. అవి అన్ని ఆఫీసుల్లోనూ ఒక్కలాగే ఉంటాయి.

మధ్యాహ్నాలు

లేసు ఎక్కడ తయారవుతుందో ముందు తెలుసుకోవాలి. కంపెనీలో జరిగేది ఉతకడం, గంజి పెట్టడం, ఇస్త్రీ చెయ్యడం, పెట్టెల్లో సర్దడం. అల్లికంతా ఊళ్ళలో, ఇళ్ళ అరుగుల మీద జరుగుతుంది. వంట అయి, మగవాళ్ళు తినేసి వెళ్ళి, గిన్నెలు కడిగి బోర్లించాక, రెండు గంటలకి ఆడవాళ్ళు బయటికొచ్చి కూర్చుంటారు. మట్టి అంటకుండా దారపు ఉండని స్టీలు గిన్నెలో వేసుకుంటారు. ఒళ్ళో ఉతికిన తువ్వాలు పరుచుకుంటారు. చెమట అంటకుండా వేళ్ళకి పౌడరు రాసుకుంటారు. ఇక కొసన కొక్కెం ఉన్న లేసు సూది కదలడం మొదలవుతుంది.

కాలవ గట్టు మీద స్కూటరు ఆపి నేను నడిచి వెళ్ళేసరికి ఊరు సగం నిద్రలో ఉన్నట్టుండేది. కొబ్బరాకుల నీడ అరుగుల మీద అటూ ఇటూ జరుగుతూ ఉండేది. సముద్రం ఆ తోటల అవతలే ఉంది. కనబడదు, గాలి ఇటు తిరిగినప్పుడు మాత్రం వినబడుతుంది. ఆడవాళ్ళు మాట్లాడుకుంటూనే ఉంటారు, ఎవరూ చేతుల వైపు చూడరు. మాటలు ఆగిపోతాయి, చేతులు మాత్రం ఆగవు. ఆ చేతుల్ని చూస్తూ కూర్చుంటే నాకు కళ్ళు మూతలు పడేవి. "వాచీగారు జోగుతున్నారర్రా" అని ఎవరో ఒకరు నవ్వేవారు. వాళ్ళు నాకు పెట్టిన పేరు అదే. నా మెడలో ఎప్పుడూ స్టాప్ వాచీ వేలాడుతూ ఉండేది మరి.

ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ నా కలలోకి వస్తాయి. కలలో మనుషులుండరు, చప్పుడుండదు. తెల్లటి దారం ఒక్కటే ఒక అరుగు మీంచి ఇంకో అరుగు మీదికి, ఇంటి మీంచి ఇంటికి, కాలవ దాటి, తోటల్లోంచి సముద్రం దాకా పోతూ ఉంటుంది. నేను దాని వెంట నడుస్తూ ఉంటాను. ఎంత నడిచినా కాళ్ళు నొప్పి పుట్టవు. మెలకువ వచ్చాక కాసేపు మనసు హాయిగా ఉంటుంది. ఆ తర్వాత సిగ్గేస్తుంది.

రేటు ఎలా పుట్టేదంటే

విదేశాల్లో ఉన్న కొనుగోలుదారు దగ్గర్నుంచి ఒక ఫోటో గానీ, ఒక నమూనా ముక్క గానీ వచ్చేది. దాన్ని ముందు ఒకరి చేత అల్లించాలి. ఎంత దారం పట్టిందో తూకం వేస్తాం. ఎంతసేపు పట్టిందో వాచీ పట్టుకుని చూస్తాం. ఆ సేపుని బట్టి ముక్కకింత అని రేటు కడతాం. చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలోనూ, ఎవరు అల్లినా, ఇక అదే రేటు.

నాకు ఈ పని నేర్పింది మా యజమాని చలపతిరావుగారు. ఉద్యోగంలో చేరిన వారంలోనే నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "చూడు మూర్తీ, ఇది ఉద్యోగం కాదయ్యా. ఆడవాళ్ళు తీరిక వేళ చేసుకునే పని. కబుర్లు చెప్పుకుంటూ చేస్తారు. వాళ్ళ కబుర్లకి కూడా మనం డబ్బులివ్వలేం కదా?"

ఆయన చెడ్డమనిషి కాదు. తుఫాను వచ్చినప్పుడు లారీతో బియ్యం దించింది ఆయనే. పనివాళ్ళ పిల్లలకి ఆస్పత్రిలో సాయం చేసిందీ ఆయనే. కానీ ఆ 'తీరిక' అనే మాటని ఆయన మనసారా నమ్మారు, నేనూ నమ్మాను. దారం కొనాలి, సూదులు కొనాలి, పెట్టెలు కొనాలి. వాళ్ళ తీరిక మాత్రం మాకు ఊరికే దొరికింది. మా సరుకు చౌకగా ఉండటానికి కారణం అదొక్కటే. పొద్దున నాలుగింటికి లేచిన మనిషికి మధ్యాహ్నం రెండింటికి దొరికేది తీరిక ఎలా అవుతుందని నేను ఒక్కసారి కూడా అడగలేదు. మా అమ్మ జీవితమంతా అలాగే గడిచింది, అయినా నాకు తట్టలేదు.

మేరీరత్నం

నమూనాలు అల్లడానికి మంచి చెయ్యి కావాలని ఊరూరూ తిరుగుతుంటే, సముద్రానికి దగ్గర్లో ఒక ఊళ్ళో మేరీరత్నం దొరికింది. అప్పటికి ఆవిడకి ముప్పై ఉంటాయి. సన్నటి మనిషి. భర్త రొయ్యల చెరువుల మీద కాపలాకి వెళ్ళేవాడు. ఆ వీధిలో ఎక్కువమంది లూథరన్ చర్చికి వెళ్ళే కుటుంబాలు. పక్కిల్లు మాత్రం నాగమణిది. కనకాంబరాలు పెట్టుకుని, నుదుటి మీద రూపాయంత బొట్టుతో ఉండేది. నాగమణి చెయ్యి నిదానం, చూపు కూడా అంతంతమాత్రం. ఇద్దరూ వదినా వదినా అని పిలుచుకునేవారు.

మేరీరత్నం ఫోటోని ఒక్కసారి చూసేది. కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకునేది. ఇంక ఫోటో వైపు చూసేది కాదు. ఆ వేళ్ళు కదులుతుంటే సూది ఎక్కడుందో కనపడేది కాదు. దారం దానంతటదే పువ్వు అవుతున్నట్టుండేది.

"ఎంతయ్యిందండి?" అని అడిగేది అల్లడం అయిపోగానే.

నేను వాచీ చూసి చెప్పేవాణ్ణి.

"అబ్బే, కూర్చోండి. ఇంకోటి మొదలెడతాను. దీనికంటే ముందే దించేత్తాను చూడండి" అనేది. అలా అన్నప్పుడు ఆ మొహం వెలిగిపోయేది. ఆవిడకి అది పోటీ. తన చేతితో తానే ఆడుకునే పోటీ. నేను తలూపి ప్రోత్సహించేవాణ్ణి. నా తలూపు ఊరందరి మీదా పడుతుందని అప్పుడు ఆవిడకి తెలీదు. నాకు తెలిసుండాల్సింది.

ఒకసారి అనాసపండు డిజైను వచ్చింది. బల్ల మీద పరిచే పెద్ద గుడ్డ. ఆర్డరు కూడా పెద్దదే, చాలా ఊళ్ళకి పని దొరుకుతుంది. మేరీరత్నం దాన్ని నా ఎదురుగా నాలుగు రోజులు అల్లింది. మధ్యలో పొయ్యి మీద ఎసరు పొంగితే లేచింది. మేక వచ్చి తువ్వాలు నములుతుంటే లేచింది. చంటిపిల్ల ఏడిస్తే లేచింది. దుమ్ము గాలి వీస్తే చేతులు కడుక్కోడానికి లేచింది. లేచిన ప్రతిసారీ నేను వాచీ ఆపాను. వచ్చి కూర్చోగానే మళ్ళీ నొక్కాను. అదే నిజాయితీ అనుకున్నాను. కంపెనీ సొమ్ము ఒక్క నిమిషం కూడా వృథా కానివ్వలేదని లోలోపల నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

చలపతిరావుగారు ఆ సమయం చూసి నా వీపు తట్టారు. రేటు ఖాయమైంది. అంటే ఏమైందో చూడండి. ఆ చుట్టుపక్కల అందరికంటే వేగమైన చెయ్యి, అదీ ఎసరు పొంగినా లేవని చెయ్యి, అందరి రేటూ అయి కూర్చుంది. అలాంటి మనిషి ఏ ఊళ్ళోనూ లేదు. మేరీరత్నం కూడా అలాంటి మనిషి కాదు.

బలిపీఠం గుడ్డ

ఆ ఆర్డరు సగంలో ఉండగా ఒకరోజు వెళ్ళాను. మేరీరత్నం కుళాయి దగ్గరుంది. నాగమణి తన అరుగు మీంచి నన్ను పిలిచింది.

"ఏవండీ వాచీగారూ, మీ మూలాన మా వదిన ఒంటిదైపోయింది. తెలుసా మీకు?"

నాకేం అర్థం కాలేదు. అప్పుడు ఆవిడ చెప్పింది. ఆ ఊరి చర్చిలో ఏటా క్రిస్మస్‌కి బలిపీఠం మీద కొత్త లేసు గుడ్డ పరుస్తారు. స్త్రీల సమాజంలో ఉన్న ప్రతి ఒక్కరూ తలో చదరం అల్లుతారు, తర్వాత అన్నీ కలిపి కుడతారు. ఆ దారం ఉండ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేతులు మారుతూ వెళ్తుంది. ఆ ఏడు అది మేరీరత్నం ఇంటి దాకా వచ్చి, గుమ్మం దాటి, అవతలి ఇంటికి వెళ్ళిపోయింది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఏమీ అనలేదు.

"ముక్కకింత అని మీరు కట్టారు గదా, దానికి మాకు రెండింతల సేపు పడతందండి. నాకైతే మూడింతలు. మా వదిన చెయ్యి చూసి కట్టారని అందరికీ తెలిసిపోయింది. ఆయన మా దేవుడు కాకపోయినా, ఆ దారం అలా ఎళ్ళిపోతుంటే నాకే ఏడుపొచ్చిందండి."

మేరీరత్నం బిందె దించి వచ్చింది. మేం ఏం మాట్లాడుకున్నామో ఆవిడకి తెలిసిపోయింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడే అడిగింది. "వచ్చే డిజైను నాగమణొదిన చేత చేయించండి. ఆవిడ చేతిని చూసి రేటు కట్టండి."

నేను నవ్వేశాను. "నాగమణిగారి చేతిని చూసి కడితే మా కంపెనీకి తాళం వేసుకోవాలమ్మా" అన్నాను. నాగమణి కూడా నాతోపాటు నవ్వింది. మేరీరత్నం నవ్వలేదు.

నెమ్మది

మరుసటి నెల కొత్త డిజైను వచ్చింది. నక్షత్రాల వరస, ఆవిడకి అది చిటికెలో పని. ఎప్పట్లాగే ఎదురుగా కూర్చున్నాను. వాచీ నొక్కాను. పది నిమిషాలయ్యాక ఏదో తేడాగా అనిపించింది. సూది కనబడుతోంది. దారం సూది చుట్టూ తిరగడం, లోపలికి వెళ్ళడం, బయటికి రావడం, అన్నీ కనబడుతున్నాయి. ఇన్నేళ్ళలో ఒక కుట్టు ఎలా పడుతుందో నేను చూడటం అదే మొదటిసారి.

"ఒంట్లో బాగోలేదా?" అని అడిగాను.

"బానే ఉందండి. డిజైను కష్టంగా ఉంది."

అందులో కష్టమేమీ లేదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ కింది పెదవి పళ్ళ మధ్య నొక్కిపట్టి ఉంది. మెడ మీద చెమట పట్టింది. పరిగెత్తే అలవాటున్న చేతిని నడిపించడం ఎంత కష్టమో ఆ చెమట చూస్తే తెలుస్తుంది. అటూ ఇటూ అరుగుల మీద కబుర్లు ఆగిపోయాయి. ఎవరూ మా వైపు చూడటం లేదు. అందరూ వింటున్నారు.

ఇంట్లో అన్నం గిన్నె మూత ఎగిరిన చప్పుడైంది. మేరీరత్నం లేచింది. నా బొటనవేలు అలవాటుగా వాచీ మీట మీదికి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఎందుకు నొక్కలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ధైర్యం మాత్రం కాదు. నేను అంత ధైర్యవంతుణ్ణి కాదు, అది కింద చెబుతాను. ఆ మధ్యాహ్నంలో ఏదో మత్తుంది. గాలి ఆగింది, సముద్రం వినబడుతోంది, ఒళ్ళో తెల్లటి నక్షత్రం సగంలో ఉంది. ఆ నిమిషాలు కూడా ఆ నక్షత్రానివే అనిపించింది.

ఆవిడ తిరిగొచ్చి నా బొటనవేలు వైపు చూసింది. కూర్చుని అల్లింది. కాసేపటికి, ఏ పనీ లేకుండానే లేచి, వీధి చివరిదాకా నడిచి, మళ్ళీ వచ్చి కూర్చుంది. నన్ను పరీక్షించిందని తర్వాత అర్థమైంది. అప్పుడూ నేను వాచీ ఆపలేదు. పొద్దు వాలి కొబ్బరి నీడలు రోడ్డు దాటి ఎదుటి గోడలు ఎక్కాయి. ముక్క అయిపోయింది. ఈసారి ఎంతయ్యిందండీ అని అడగలేదు. నేను చూసి రాసుకున్నాను. కాలవ గట్టు మీద ఇంటికొస్తూ చిన్నపిల్లాడిలా ఏదో కూనిరాగం తీశాను. నేను రాసిన వాటిలో నిజానికి దగ్గరగా ఉన్న సమయం అదొక్కటే. అది నటన లోంచి వచ్చింది, అయినా అదే నిజం.

ఆ తర్వాత కొన్నేళ్ళు అలాగే గడిచింది. మేమిద్దరం ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. చలపతిరావుగారు "డిజైన్లు కష్టమవుతున్నాయేంటయ్యా" అని గొణిగేవారు, కానీ రేట్లు పెంచారు. క్రిస్మస్ గుడ్డ దారం మేరీరత్నం గుమ్మంలో ఆగడం మొదలైంది.

చేతిని చూడటానికి వచ్చినావిడ

కొనే కంపెనీ తరఫున ఒక విదేశీ మహిళ మా ఆఫీసుకి వచ్చారు. అల్లే చేతుల్ని కళ్ళారా చూడాలన్నారు. "అందరికంటే మంచి చేతిని పట్టుకురా" అన్నారు చలపతిరావుగారు. నేనే వెళ్ళి మేరీరత్నాన్ని ఆటోలో తీసుకొచ్చాను. ఉతికిన తెల్లచీర కట్టుకుంది. దారిలో నేను "మామూలుగా చెయ్యమ్మా" అన్నాను.

"మామూలుగా అంటే ఎలాగండి?" అంది.

ఆటో డ్రైవరు వింటున్నాడు. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆఫీసులో ఆవిడకి కుర్చీ వేశారు. ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని అల్లడం ఆవిడకి అలవాటు లేదు. మొదట్లో చెయ్యి నెమ్మదిగానే కదిలింది. నా ప్రాణం కుదుటపడింది. అంతలో ఆ విదేశీ మహిళ తన కుర్చీలోంచి లేచి, నేల మీద, మేరీరత్నం మోకాళ్ళ దగ్గర కూర్చున్నారు. కళ్ళజోడు తీసేసి, జానెడు దూరం నుంచి ఆ వేళ్ళనే చూడసాగారు. ఏదో అన్నారు. మా గుమాస్తా తెలుగులో చెప్పాడు. "మీ చేతుల్లాంటి చేతుల్ని తను ఎక్కడా చూడలేదంటున్నారు."

అప్పుడు ఆ చెయ్యి పరిగెత్తింది. నేను మర్చిపోయిన వేగం అది. సూది మాయమైంది. ఆఫీసులో టైపు చప్పుళ్ళు ఆగిపోయాయి, ఇస్త్రీ పిల్లలు గుమ్మంలో నిలబడిపోయారు. నేను కూడా ఒక క్షణం అన్నీ మరిచిపోయి సంతోషపడ్డాను. తర్వాత చలపతిరావుగారు గోడ గడియారం వైపు చూడటం చూశాను.

నన్ను వరండాలోకి పిలిచారు. తలుపు తెరిచే ఉంది. "ఏమయ్యా మూర్తీ, నువ్వు రాసిన టైములేంటి, ఇదేంటి?"

రెండు మాటలు నా నోటి దగ్గర ఉన్నాయి. వాచీ ఆపకుండా రాశానండీ, అదే సరైన లెక్క, అన్నది ఒకటి. అది చెబితే ఉద్యోగం ఉంటుందో లేదో తెలీదు. రెండోదే బయటికొచ్చింది.

"నా దగ్గర నెమ్మదిగా చేసేదండి. నన్ను మోసం చేసింది" అన్నాను.

ఆవిడ నాలుగు గజాల దూరంలో ఉంది. లోపల చెయ్యి ఆగలేదు. ముక్క పూర్తి చేసి, దారం తెంపి, ఆ విదేశీ మహిళ అరచేతిలో పెట్టి, నా పక్కనుంచే నడిచి వెళ్ళి కుళాయి కింద చేతులు కడుక్కుంది. ఆటోలో వెనక్కి తీసుకెళ్ళడానికి నేను వెళ్ళలేదు, వేరేవాళ్ళని పంపాను. నెల తిరక్కుండా రేట్లు పాత దారికొచ్చాయి. నా ఉద్యోగం నాకు మిగిలింది. మేరీరత్నం మళ్ళీ ఎప్పుడూ నమూనా అల్లలేదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకి చెప్పాల్సింది ఏమైనా ఉంటే ఇదే. పై నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు మన నోటికి ముందు దొరికేది కిందివాళ్ళ పేరే. అది చాలా తేలిగ్గా వస్తుంది. నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

కొనేవాళ్ళ సంగతి

రిటైరయ్యాక రాజమండ్రిలో ఒక పెద్ద షాపుకి వెళ్ళాం. అక్కడ అనాసపండు డిజైను బల్లగుడ్డ కనబడింది. చేతి అల్లికే, వేళ్ళతో తడిమి చూశాను. అన్నపూర్ణ ధర చూసి "అబ్బ, ఎంత చవకో!" అని బుట్టలో వేసింది. నేను తీసి మళ్ళీ అరలో పెట్టాను. ఆవిడకి కోపం వచ్చింది. బయటికొచ్చాక అడిగింది. "చవగ్గా ఉంటే కొనకూడదా? నేను కొనకపోతే వాళ్ళకేం ఒరుగుతుంది?"

ఒక ఏడాది మిషను లేసు దెబ్బకి మాకు ఆర్డర్లు ఆగిపోయాయి. ఆ వర్షాకాలం నేను ఏ ఊరికి వెళ్ళినా అరుగుల మీద ఖాళీ చేతులతో కూర్చున్నవాళ్ళు "పనేమైనా వచ్చిందా అండీ?" అని అడిగారు. తక్కువ రేటు అని తిట్టుకున్నవాళ్ళే ఆ తక్కువ రేటు కోసం ఎదురుచూశారు. కాబట్టి కొనడం మానెయ్యండి అని నేను చెప్పను. అలా చెప్పేవాళ్ళు ఆ అరుగుల మీద కూర్చుని ఉండరు. కానీ చవకదనం ఆకాశం నుంచి ఊడిపడదు. దాన్ని నాలాంటి వాడు ఒకడు, కంపెనీకి మేలు చేస్తున్నాననుకుంటూ, ఒక మధ్యాహ్నం కూర్చుని తయారుచేస్తాడు. వస్తువు చవగ్గా ఉందని మురిసిపోయే ముందు, ఆ సమయాన్ని ఎవరు కొలిచారో, దేన్ని కొలవకుండా వదిలేశారో ఒక్కసారి అనుకోవాలి.

మేరీరత్నం సంగతితో సహా ఇదంతా అన్నపూర్ణకి చెప్పాను. "సరే, ఆవిడ దగ్గరే కొనండి. మన ఇంట్లో ఒక్క లేసు ముక్క కూడా లేదు, తెలుసా?" అంది. నిజమే. ముప్పై నాలుగేళ్ళు పెట్టెలు పెట్టెలుగా పంపించాను గానీ ఇంటికి ఒక్కటీ తెచ్చుకోలేదు.

బేరం

ఆవిడ ఊరు వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కాలవ గట్టు మీద రోడ్డు వేశారు, అరుగులకి టైల్సు పరిచారు. మేరీరత్నం కళ్ళజోడు పెట్టుకుని అల్లుతోంది. నన్ను చూసి లేచింది.

"వాచీగారా! రండి, రండి. ఎండలో వచ్చేరు, మజ్జిగ తాగుతారా?"

తాగాను. గ్లాసు కింద పెట్టి, ఇన్నేళ్ళూ లోపల తిప్పుకున్న మాట చెప్పాను. "ఆ రోజు నేను అబద్ధం చెప్పానమ్మా. నువ్వు నన్ను మోసం చెయ్యలేదు. వాచీ ఆపకుండా ఉంచింది నేనే. తప్పు నీ మీదికి తోసేశాను. క్షమించమని అడగడానికి వచ్చాను."

ఆవిడ సూది కిందకి దించలేదు. "అది నేను విన్నానండి" అంది. ఇంకో నాలుగు కుట్లు పడ్డాయి. "కానీ నేనెందుకు వేగంగా చేసేనో మీరు అడగలేదే?"

"ఎందుకు?"

"ఆ రోజు వచ్చినావిడ కింద కూర్చుని నా చెయ్యి చూసింది. అప్పటిదాకా అందరూ మీ వాచీయే చూసేవారు. నాకు ఒళ్ళు తెలీలేదండి. ఈ ఊరూ, ఈ ఆడవాళ్ళూ ఎవరూ గుర్తు రాలేదు. ఇంటికొచ్చేక గుర్తొచ్చేరు." కళ్ళజోడు సవరించుకుంది. "మూడేళ్ళు దారం మా గుమ్మంలో ఆగలేదు. మీ తప్పు మీకుంది, నాది నాకుంది. ఊరుకోండి."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి దాచుకోవడానికి, బల్లగుడ్డ ఒకటి కొనుక్కుంటానని చెప్పాను. లోపల్నుంచి ఒకటి తెచ్చింది. అద్భుతంగా ఉంది.

"ఎంతో చెప్పమ్మా. ఈసారి నువ్వే చెప్పాలి."

మేరీరత్నం గుడ్డ వైపు చూసింది, నా వైపు చూసింది. "నాకు రేటు చెప్పడం రాదండి. నలభై ఏళ్ళ బట్టీ అల్లుతున్నాను, ఎప్పుడూ ఎవరో ఒకరు చెప్పేవారు." మళ్ళీ ఆలోచించింది. గుడ్డని మడతపెట్టి ఒళ్ళో పెట్టేసుకుంది. "రేపు రండి. మా వాళ్ళని అడిగి చెబుతాను. నేనొక్కదాన్నీ చెప్పను."

మర్నాడు వెళ్ళాను. అరుగు మీద ఐదుగురున్నారు. మధ్యలో నాగమణి కూర్చుంది. జుట్టంతా నెరిసిపోయింది, బొట్టు మాత్రం అంతే ఉంది. రేటు ఆవిడే చెప్పింది. వాళ్ళకి కంపెనీ ఇచ్చేదానికి అది మూడింతల పైమాటే. నిదానంగా అల్లే చేతికి పట్టే సమయం అది. మధ్యలో పనులకి లేచిన సమయం అంతా అందులో ఉంది. మనసులో లెక్క వేసి చూశాను. ఒక్క నిమిషం ఎక్కువ లేదు.

సరే అనాలి. సరే అనడానికే వెళ్ళాను. కానీ నేను పిలవకుండానే, ముప్పై నాలుగేళ్ళ అలవాటు కొద్దీ, నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

"కొంచెం చూసి చెప్పండమ్మా."

అరుగు మీద చేతులన్నీ ఆగాయి. మాటలు ఆగితే ఆగని చేతులు అవి. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. మేరీరత్నం మొహం పక్కకి తిప్పుకుంది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"చూసే చెప్పేమండి" అంది నాగమణి.

నేను మొత్తం ఇచ్చి గుడ్డ తీసుకున్నాను. ఆ ఊళ్ళో నేను తగ్గించమని అడిగితే తగ్గించకపోవడం అదే మొదటిసారి.